పేటెంటక్క

పోయిన నెల ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగట్లో పకపకా నవ్వి నేను పరువు పోగొట్టుకున్నాను. మా మరదలి కూతురి పెళ్ళికి చీర చూడ్డానికి వెళ్ళాం. అంగడాయన ఎర్రంచు తెల్లచీర ఒకటి విప్పి, అటూ ఇటూ చూసి, మా ఆవిడ వైపు వంగి, గొంతు బాగా తగ్గించి అన్నాడు: "ఎన్నిసార్లు తడిపినా అంచు రంగు తెలుపులోకి దిగదమ్మా. ఇది మా ఇంటి రహస్యం. ఇంగెవురికీ తెలీదు."

అంతే, నాకు నవ్వు ఆగలేదు. మా ఆవిడ నా మోచెయ్యి గిల్లింది. అంగడాయన మొహం మాడ్చుకున్నాడు. చేసిన తప్పుకు ఆ చీర కొనక తప్పలేదు. ఆ రహస్యమేమిటో నాకు తెలుసు. ఆ వీధిలో పాలు పోసేవాడికి కూడా తెలుసు. అందరికీ తెలుసన్న సంగతి ప్రభుత్వం కూడా ఒప్పుకుంది. ప్రభుత్వాన్ని ఒప్పించిన మనిషి పోయి ఏడాది దాటింది. ఈ కథ చెప్పి ఆమెతో కలిసి నవ్వుకోలేనని గుర్తొచ్చేసరికి, అంగడి మెట్లు దిగుతుండగానే నా నవ్వు ఎండిపోయింది.

ఆమె పేరు ఇక్కడ రాయను. రాస్తే, "నా పేరు వాడుకునేదానికి నన్నడిగితివా అబ్బా?" అని ఎక్కడున్నా లేచి వచ్చే రకం. హిందూపురం మార్కెట్లో చింతపండు, బెల్లం అమ్మే శెట్టిగారి కూతురు. బెంగళూరులో రసాయనశాస్త్రంలో పరిశోధన చేసింది. అక్కడ నేను ఆమెకు జూనియర్ని. ఇద్దరిదీ ఒకే బల్ల, ఒకే సింకు, ఒకే గైడు తిట్లు. తర్వాత నేను హిందూపురంలో కాలేజీ లెక్చరర్‌గా కుదురుకుని, ఏటా అవే పాఠాలు చెప్పుకుంటూ చల్లగా బతుకుతున్నాను. ఆమె డాక్టరేటు తెచ్చుకుంది, దాన్ని అటకెక్కించింది, పేటెంట్ల పనిలోకి దూకింది.

మనిషి పొట్టి. కుర్చీలో కాళ్ళు కిందికి పెట్టి కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు, పట్టాభిషేకానికి కూర్చున్నట్టు బాసింపట్టు వేయాల్సిందే. ఏది చేతికిచ్చినా ముందు వాసన చూసేది. కాఫీ ఇచ్చినా, శుభలేఖ ఇచ్చినా ముక్కు దగ్గరికే పోయేది. ల్యాబులో అలవాటైన పాడుబుద్ధి అనేది. ఇక ఆమె నోట ఊతపదం ఒకటుంది: "దీంట్లో కొత్తేముండాది?" పురాణం చెప్పే ఆయన్నీ అదే అడిగింది, నా పరిశోధన ఫలితాలు చూసీ అదే అడిగింది. నాకు కొడుకు పుట్టినప్పుడు ఆసుపత్రికి వచ్చి, పసివాణ్ణి ఎత్తి ఇటూ అటూ తిప్పి చూసి, "అంతా మీ నాయన ముక్కేనబ్బా. కొత్తేమీ లేదు" అని తిరిగి ఇచ్చేసింది. మా అమ్మ ఆ మాట ఇప్పటికీ మరిచిపోలేదు.

పరిశోధన వదిలేస్తున్నానని నాన్నకు చెప్పిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఆయన అంగట్లో చింతపండు తూకం వేస్తున్నాడు.

"నాయనా, కెమిస్ట్రీ చాలిస్తాండా."

"ఇన్నేండ్లు చదివిందంతా?"

"దాన్నే ఇంగ వాదిస్తా."

"వకీలువా?"

"వకీలు కాదు. పేటెంటు ఏజెంటు. దానికీ పరీక్ష ఉండాది, పాసైనా."

ఆయన తక్కెడ కింద పెట్టి నా మొహం చూశాడు, నేను అటక వైపు చూశాను. "ఏజెంటు" అన్న మాట ఒక్కటే ఆయన బుర్రకెక్కింది. సాయంత్రానికల్లా మార్కెట్టంతా శెట్టి కూతురు ఇన్సూరెన్సులో చేరిందని తెలిసిపోయింది. ఆ వారమంతా పాలసీలు మెచ్యూరయ్యాయా అని అడగడానికి జనం వచ్చారు. ఆమె కాదనలేదు, ఒకరిద్దరి కాగితాలు చదివి పెట్టింది కూడా.

బెంగళూరులో కొన్నేళ్ళు పనిచేసి, పెనుకొండకొచ్చి బస్టాండు దగ్గర టైర్ల అంగడి పైన ఆఫీసు తెరిచింది. ఎర్రమంచి దగ్గర అంత పెద్ద కార్ల ఫ్యాక్టరీ వచ్చింది కదా, పేటెంట్లు పంటలా పండుతాయని ఆమె లెక్క. ఫ్యాక్టరీ వాళ్ళ పేటెంట్లు వాళ్ళ దేశంలోనే చూసుకుంటారని తెలుసుకునేలోపు అడ్వాన్సు కట్టేసింది. పోతే పోయిందిలే, కింద బస్టాండులో ఉగ్గాని బజ్జీ బాగుంటుందని ఉండిపోయింది.

ఫ్యాక్టరీ వాళ్ళు రాలేదు కానీ సోమందేపల్లి పెద్దాయన ఒకాయన వచ్చాడు. ఒకసారి తిప్పి వదిలితే ఇక ఆగకుండా తిరిగే చక్రం కనిపెట్టానన్నాడు. కరెంటు వద్దు, డీజిలు వద్దు. ఆమె వాసన చూసి బల్ల మీద పెట్టించింది. చక్రం కాసేపు తిరిగి ఆగిపోయింది.

"నిలబడిపాయె గదా పెద్దాయనా."

"గాలి తగిలిందమ్మా."

ఆమె లేచి కిటికీ మూసి, ఫ్యాను కట్టేసి, చెమటలు కక్కుతూ మళ్ళీ కూర్చుంది. చక్రం మళ్ళీ ఆగింది.

"ఇప్పుడు?"

"మీరట్ల గుడ్లప్పగించి చూస్తాంటే దానికి సిగ్గమ్మా."

నేను బయటికి పరిగెత్తి మెట్ల మీద కూర్చుని నవ్వాను. ఆమె నవ్వలేదు. టీ తెప్పించి, ఇరుసు ఇంకా నున్నగా చేసుకురమ్మని పంపింది. ఆయన అప్పుడప్పుడూ వస్తూనే ఉండేవాడు. ప్రతిసారీ ఫ్యాను కట్టేసి కూర్చునేది. "ఎందుకక్కా, వాడు పిచ్చోడు" అంటే, "మన గైడు కన్నా పిచ్చోడా?" అంది.

పేటెంటంటే ఏమిటని అడిగిన వాళ్ళకు ఆమె చెప్పే తీరు ఒకటే. పని చేసే కొత్త పద్ధతి ఒకటి కనిపెట్టి ప్రభుత్వంలో నమోదు చేసుకుంటే, కొన్నేళ్ళపాటు కనిపెట్టినవాడు ఒప్పుకోనిదే ఇంకెవరూ ఆ పద్ధతి వాడకూడదు. కానీ అది అంతకుముందు జనానికి తెలిసి ఉండకూడదు. "నోరు జారితే పాయె. బస్సులో పక్కోనికి చెప్పినా పాయె" అని హెచ్చరించేది. అలా హెచ్చరించేటప్పుడు మాత్రం ఆమె ముఖంలో నవ్వుండేది కాదు.

ధర్మవరం వ్యవహారం అలాంటప్పుడే వచ్చింది. ఉత్తరాది రంగుల కంపెనీ ఒకటి పేటెంటు కోసం దరఖాస్తు పెట్టింది. రంగు వేసిన పట్టునూలును చింతగింజల పొట్టు కషాయంలో నానబెట్టి, తర్వాత పటిక నీళ్ళలో ముంచితే రంగు దిగదనీ, ఆ పద్ధతి తామే కనిపెట్టామనీ. అది మంజూరైతే ధర్మవరంలో నూలుకు రంగు వేసే కుటుంబాలు ఆ పని మానుకోవాలి, లేదా కంపెనీ కాళ్ళు పట్టుకోవాలి. రంగు దిగే చీరను ఎవరు కొంటారు? దరఖాస్తు మీద అభ్యంతరం చెప్పడానికి ఎవరికైనా హక్కుంది. రంగుల పని చేసే మస్తాన్ అనే అతను నలుగురైదుగురిని వెంటేసుకుని టైర్ల అంగడి పైకి ఎక్కాడు.

"దీంట్లో ఏముండాది? ఈ పని మీరు ముందునించీ చేస్తాండారని నాలుగు అఫిడవిట్లు వేస్తే అయిపాయె" అంది ఆమె. కెమిస్ట్రీ సంగతి చెప్పడానికి నన్ను పట్టుకుపోయింది. పొట్టులో ఉండే వగరు పదార్థం పటికతో కలిసి రంగును పట్టు మీద బిగించేస్తుంది. అంత మాత్రం చెప్పడానికి నా చేత సెలవు పెట్టించింది.

ధర్మవరంలో మస్తాన్ ఇంటి వాకిట్లో మంచం వేశారు. ఆమె దాని మీద బాసింపట్టు వేసుకుని ఒక్కొక్కరినే పిలిచింది.

"చింతగింజల పొట్టు వాడతారా?"

"వాడతాం మేడమ్."

"ఎప్పట్నించి?"

"మా తాత కాలం నించి."

"ఈ సంగతి వీధిలో ఇంగెవురెవురికి తెలుసు?"

ఆ మనిషి ఛాతీ ఇంత చేసుకుని, "ఎవురికీ తెలీదు మేడమ్! మా ఇంటి రహస్యం. తలుపేసుకోని చేస్తాం" అన్నాడు.

రెండో అతనూ అంతే. మూడో అతను మా ఇంటి ఆడపిల్లలకు కూడా చెప్పం, పెళ్ళయి పోతే రహస్యం అత్తారింటికి పోతాదని, అన్నాడు. ప్రతి ఒక్కరూ ఆమె చెవిలో గుసగుసగా అదే పొట్టు, అదే పటిక చెప్పి, ఎవరితోనూ అనొద్దని ఒట్టు వేయించుకుని పోయారు. ఆమెకు మండిపోయింది. అందరినీ వాకిట్లోకి పిలిచి లంకించుకుంది.

"మీకు గెలవాలనుండాదా, గొప్పలు చెప్పుకోవాలనుండాదా? రహస్యంగా చేసింటే చట్టం లెక్కలోకి తీసుకోదప్పా! నలుగురికీ తెలిసి ఉండాల. మీరంతా అదే పని చేస్తాండారు. అందరి పొట్టూ మా నాయన మార్కెట్లోనించే వస్తాండాది. రహస్యం యాడుండాది?"

ఆ మాటతో మంట అంటుకుంది. అందరూ అదే చేస్తున్నారా? అయితే ఎవడో దొంగిలించాడన్నమాట. ఒకాయన లేచి, "వీళ్ళ నాయన మా గోడ మీంచి తొంగి చూసి నేర్చుకున్యాడు" అన్నాడు. ఇంకొకాయన, "నీ మొగానికి గోడ యాడుండె అప్పుడు? కంప కదా ఉండింది" అన్నాడు. చొక్కాలు పట్టుకునే దాకా వచ్చింది. ఆమె మంచం మీద నుంచి నన్ను గోకుతూ, "రాసుకో అబ్బా, రాసుకో! కంపలోనించి చూసిరంట, భలే సాక్ష్యం!" అని సంబరపడిపోయింది. కానీ ఆ సంబరం ఎంతోసేపు లేదు. దొంగచాటుగా చూసి నేర్చుకున్నదాన్ని జనానికి తెలిసిందని అనలేమని అవతలి వకీలు అంటాడు. ఎవరో ఒకరు, మేమే నలుగురికీ చెప్పామని ఒప్పుకోవాలి. అన్ని గోడలూ, కంపలూ దాటి లాగితే తీగ మస్తాన్ ఇంటికే పోయింది.

మస్తాన్ తల అడ్డంగా ఊపాడు. "నేను సంతకం పెట్టను మేడమ్. ఇది కనిపెట్టింది మా అమ్మ. మా నాయన పేరు కాదు, తాత పేరు కాదు, మా అమ్మ. ఇది అందరిదీ అని నా నోటితో అంటే, మా అమ్మ చేసిందానికి గుర్తేముంటాది? కేసు పోతే పోనీ."

మిగతావాళ్ళు వాణ్ణి తిట్టారు. వీధి మొత్తం బతుకు పోతుందిరా అన్నారు. నేనూ ఏదో అనబోతే ఆమె, "గమ్మునుండబ్బా" అంది. మంచం దిగి వాకిట్లో నేల మీద, అతని ఎదురుగా కూర్చుంది. ఆ తర్వాత ఆమె చెప్పింది, ఒకే బల్ల మీద పనిచేసిన నాకు కూడా ఆమె నోటివెంట ఎప్పుడూ వినపడని మాట.

"మస్తానూ, నేనొక మందు తయారుచేసే దారి కోసం ఏండ్లు తన్నుకులాడినా. దొరికింది. రాసి పంపల్ల అనుకుంటాండంగా, ఇంకో దేశంలో ఎవుడో అదే దారి అచ్చేసినాడు. వాడు ముందు, నేను వెనక. నా పనికి విలువ లేకుండా పాయె. వాని పేరు వినపడితే నాకిప్పటికీ అన్నం సయించదు. అందుకే వదిలేసి ఇట్ల వచ్చినా. ముందు అనిపించుకోవల్లని ఎంతుంటాదో నాకు తెలుసు. నిన్ను పెట్టమని నేను చెప్పలేను. నీ ఇష్టం."

మస్తాన్ తల వంచుకున్నాడు. అప్పుడు ఇంటి లోపలి నుంచి, చేటలో బియ్యం చెరుగుతున్న చప్పుడు ఆగి, ముసలి గొంతు ఒకటి వినిపించింది. మస్తాన్ వాళ్ళమ్మ హుసేన్‌బీ.

"యాలరా ఆ పాపను సతాయిస్తావు? నేనే చెప్పినా గదా అందరికీ."

మస్తాన్ వెనక్కి తిరిగాడు. "ఎవురికి చెప్తివి?"

"ఈ వీధి ఆడోళ్ళకంతా. కొళాయి కాడ."

"ఎప్పుడు చెప్తివమ్మా?"

"నువ్వింకా నిక్కర్లేస్తాంటివి. ఆ మూలింటి కొత్త కోడలు నూలుకి రంగు సరిగ్గా వెయ్యలేదని వాళ్ళత్త కొట్టింటే, కొళాయి కాడ కూచోని ఏడుస్తాండె. చూసి ఓర్చుకోలేక చెప్పినా. ఆ యమ్మ ఇంకొకామెకు చెప్పె. మళ్ళ అందరూ వచ్చి అడిగిరి, చెప్పినా. ఏం, చెప్పకూడదా?"

"నాయనకు తెలుసా?"

"మీ నాయనకు చెప్తే ఆయప్పకు నిద్ర పడ్తాదా? చెప్పలే."

అప్పటిదాకా గుమ్మాల్లో నిలబడి తమాషా చూస్తున్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒకామె ధైర్యం చేసి, "మా అత్తే మా మామకు చెప్పింది, మీ తాత ముత్తాతల నాటి రహస్యమని. ఆయప్ప నమ్మె" అంది. ఇక నవ్వులు ఆగలేదు. ఇన్నేళ్ళు తలుపులేసుకుని, కంపలు నాటుకుని, చెవుల్లో ఒట్లు వేయించుకున్న మగవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాళ్ళ మీద నాకు ఆ ఒక్క క్షణం జాలి కలిగింది.

ఆమె మాత్రం నవ్వలేదు. లేచి గడప దగ్గరికి వెళ్ళి హుసేన్‌బీ పక్కన చతికిలబడింది. "మొదట కనిపెట్టింది నేనని చెప్పుకోవల్లనిపించలేదా అవ్వా నీకు?"

"చెప్పుకుంటే ఏమొస్తాది బిడ్డా? ఆ పిల్ల ఏడుపు మానె గదా" అని ముసలామె మళ్ళీ చేట అందుకుంది.

హుసేన్‌బీ అఫిడవిట్టును ఆమె ఆ మంచం మీదే రాయించింది. మొదటి వాక్యంలోనే ఈ పద్ధతి కనిపెట్టింది హుసేన్‌బీ అని పెట్టింది. రెండో వాక్యంలో దాన్ని వీధిలో అందరికీ బాహాటంగా నేర్పిందని. మస్తాన్ ఆ మొదటి వాక్యాన్ని నా చేత మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాడు, కళ్ళు తుడుచుకుని పక్కన సాక్షి సంతకం తనే పెట్టాడు. ఆడవాళ్ళంతా క్యూ కట్టి సంతకాలు చేశారు. మగవాళ్ళు బీడీలు కాల్చుకుంటూ దూరంగా నిలబడ్డారు.

విచారణ పెనుకొండ ఆఫీసులోనే, కంప్యూటరు తెర మీద జరిగింది. అవతలి వకీలు ఇంగ్లీషులో వెటకారంగా అడిగాడు: కొళాయి దగ్గర ఆడవాళ్ళ ముచ్చట్లను జనానికి తెలియడం అంటారా? ఆమె కుర్చీలో కాళ్ళు సర్దుకుని అంతే వెటకారంగా ఇంగ్లీషులోనే చెప్పింది: అయ్యా, మా ధర్మవరంలో ఒక సంగతి జనానికి తెలియాలంటే అంతకన్నా గట్టి మార్గం ఇంకోటి లేదు. విచారణ చేసే పేటెంటు ఆఫీసు అధికారి మొహం పక్కకు తిప్పుకుని దగ్గాడు. కొన్నాళ్ళకు కంపెనీ దరఖాస్తు తిరస్కరించారు. వీధిలో బిరియానీ వండించారు. ఆ గొప్ప తమ ఇంటిదేనని మగవాళ్ళు అక్కడ కూడా పోట్లాడుకున్నారు.

అప్పటికే ఆమెకు ఒంట్లో బాగుండేది కాదు. పుట్టపర్తి ఆసుపత్రికి పోయి వస్తూ ఉండేది. ఏమన్నారని అడిగితే, "డాక్టర్లంతా మన గైడు మాదిరే, చేతిరాత అర్థం కాదు" అని దాటేసేది. నాకు భయంగా ఉండేది. అడిగితే తిడుతుందని గట్టిగా అడిగేవాణ్ణి కాదు.

ఒకరోజు మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా మా కాలేజీకి వచ్చింది. చాలా చిక్కిపోయింది. "నీ క్లాసు నాకియ్యబ్బా కాసేపు" అంది. బీయస్సీ చివరి ఏడాది పిల్లలు. నేను వెనక నిలబడ్డాను. సుద్దముక్క వాసన చూసి, పరిచయాలూ పాడూ లేకుండా బోర్డు మీద మొదలుపెట్టింది. తన పాత మందు. ముందు ఆ విదేశీయుడు అచ్చేసిన దారి గీసింది, ఎనిమిది మెట్లు. దాని కింద ఇంకో దారి గీయడం మొదలుపెట్టి, మూడు మెట్లలో అదే మందు దగ్గర ఆగింది. ల్యాబు వదిలే ముందు ఆఖరి నెలల్లో ఆ దారి పట్టుకుందట. అదే బల్ల మీద, నా పక్కనే. గైడుకు చెప్పలేదు. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

"నాకైనా చెప్పొచ్చు కదక్కా!" అన్నాను, పిల్లలున్నారని కూడా చూడకుండా.

"నువ్వు గోడ మీంచి తొంగి చూడకపోతివి" అంది. పిల్లలకు అర్థం కాకపోయినా నవ్వారు.

మొదటి బెంచీలో ఒకమ్మాయి చెయ్యెత్తింది. "మేడమ్, దీన్ని మీరు పేటెంటు చేసుకోవచ్చు గదా?"

"ఈ పొద్దున దాకా చేసుకునేదానికి ఉండె పాపా. ఇప్పుడు మీకంతా తెలిసిపాయె గదా."

ఆమె చేతులు దులుపుకుని కుర్చీలో కూలబడింది. ఆయాసపడుతోంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పిల్లలు చూస్తారని సిగ్గేసి, ఏదో ఒక పని కావాలి కనుక డస్టరు తీసుకుని బోర్డు దగ్గరికి నడిచాను.

"ఉండబ్బా, తుడపాకు" అంది. "వెనక బెంచీ పాప ఇంకా రాసుకుంటాండాది."